క్లాసుకు రాని అమ్మాయిని ఫైనల్లో ఆడనివ్వలేదు. ప్యాట్ సమ్మిట్ అయితే ఏం చేసేవారు?

పల్నాటి పీఈటీ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. నేను పల్నాడు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. ఎనిమిదేళ్లుగా ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పిస్తున్నాను. మాది మట్టి కోర్టు. రెండు రింగులున్నాయి, ఒకదానికి నెట్ లేదు.

రిపబ్లిక్ డేకి మండలంలో పోటీలు పెట్టారు. మా జట్టులో అందరికంటే బాగా ఆడేది తొమ్మిదో తరగతి అమ్మాయి. ముందు వారంలో నాలుగు రోజులు పొద్దున క్లాసులకు రాలేదు, భోజనాల తర్వాత వచ్చింది. సాయంత్రం ప్రాక్టీసుకు మాత్రం అందరికంటే ముందే ఉంది. క్లాసు ఎగ్గొడితే ఆట లేదని ఏడాది మొదట్లోనే అందరికీ చెప్పాను. అందుకే ఫైనల్లో ఆ పిల్లని బయటే కూర్చోబెట్టాను. మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. హెడ్మాస్టర్ గారు నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. పిల్లలు ఏడ్చారు. ఆ అమ్మాయి ఏడవలేదు, మూడు రోజులుగా ప్రాక్టీసుకు రావడం మానేసింది.

ఈ రూల్ నేను సొంతంగా కనిపెట్టింది కాదు. అమెరికాలో టెనెసీ యూనివర్సిటీ మహిళల జట్టుకు 38 ఏళ్లు కోచ్‌గా ఉన్న ప్యాట్ సమ్మిట్ గారి దగ్గర తీసుకున్నాను. ఆమె జట్టులో ఎవరైనా క్లాసులో మొదటి మూడు వరుసల్లోనే కూర్చోవాలి, కారణం లేకుండా ఒక్క క్లాసు కూడా మానకూడదు. ఆమె గురించి చదివినప్పటి నుంచీ నా గురువు అనుకుంటున్నాను. ఇప్పుడు మాత్రం నిద్ర పట్టడం లేదు. ఆమె గురించి తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి. నేను ఆమెను సరిగ్గా అర్థం చేసుకున్నానా?

స్కోరు పుస్తకం

మేడం, ముందు లెక్కలు చెప్తాను, తెలియనివాళ్లకు పనికొస్తుంది. 1974 నుంచి 2012 వరకు 1,098 గెలుపులు, 208 ఓటములు. అంత కాలంలో గెలుపుల కంటే ఓటములు ఎక్కువైన సీజన్ ఒక్కటి లేదు. ఎనిమిది జాతీయ టైటిళ్లు: 1987, 1989, 1991, తర్వాత 1996, 97, 98 వరుసగా మూడు, మళ్లీ 2007, 2008. 1998లో 39 మ్యాచ్‌లు ఆడి 39 గెలిచారు. నాకైతే 1997 ఇంకా గొప్పగా అనిపిస్తుంది. ఆ ఏడాది పది మ్యాచ్‌లు ఓడిపోయి కూడా చివరికి కప్పు తెచ్చారు.

వీటన్నిటికంటే పెద్దదని ఆమె చెప్పుకున్న లెక్క వేరే ఉంది. టెనెసీలో తమ ఆట కాలం పూర్తి చేసిన ప్రతి అమ్మాయీ డిగ్రీ పట్టా తీసుకుంది. ప్రతి ఒక్కరూ. కాబట్టి రూల్ విషయంలో మీ తప్పు లేదు.

అమలాపురం అమ్మ

నాకు బాస్కెట్‌బాల్ గురించి ఏమీ తెలియదు. నాకూ ఆటలాడే కూతురుంది కాబట్టి రాస్తున్నాను. పీఈటీ గారూ, ఏమనుకోకండి, ఆ పిల్ల పొద్దున ఎందుకు రాలేదో అడిగారా?

పల్నాటి పీఈటీ

అడిగానమ్మా. "ఏం లేదు మేడం" అంది. రెండుసార్లు అడిగాను. అదే మాట.

నాక్స్‌విల్‌లో ఉన్నవాణ్ణి

నేను 2007 నుంచి 2009 వరకు నాక్స్‌విల్‌లో, అదే యూనివర్సిటీలో ఎంఎస్ చేశాను. వెళ్లేదాకా ఆమె పేరే తెలియదు. వెళ్లిన మొదటి నెలలో రూమ్మేట్ "ఇక్కడ గవర్నర్ పేరు తెలియకపోయినా ఫరవాలేదు, ప్యాట్ పేరు తెలియాలి" అన్నాడు. ఊళ్లో ఎవరికీ ఆమె సమ్మిట్ కాదు, కోచ్ కాదు, అంతా ప్యాట్ అనే అనేవాళ్లు.

మీ ప్రశ్నకు దగ్గరగా ఉండే సంగతి ఒకటి చెప్తాను. 2008 జనవరిలో షికాగోలో డిపాల్ యూనివర్సిటీతో మ్యాచ్. జట్టులో పెద్ద స్టార్ క్యాండేస్ పార్కర్, ఆమెది షికాగో పక్కన నేపర్‌విల్. సొంత ఊరివాళ్లంతా చూడటానికి వచ్చారు. రాత్రి చెప్పిన టైముకు తిరిగి రాలేదని ప్యాట్ ఆమెను మొదటి సగం మొత్తం కూర్చోబెట్టారు. అప్పటికి దేశంలో అంతకంటే మంచి ప్లేయర్ లేదంటే అతిశయం కాదు. ఆ ఏడాది కప్పు కూడా గెలిచారు, పార్కర్ ఆ జట్టుకు ప్రాణం. కాబట్టి మేడం, ప్యాట్ అయితే కచ్చితంగా కూర్చోబెట్టేవారు.

లెఫ్ట్ హ్యాండ్ లేఅప్

నేను వేరే కోణం చెప్తాను. కాలేజీలో నాలుగేళ్లు ఆడాను. మా కోచ్ కూడా ఇలాంటి గొప్పవాళ్ల పేర్లే చెప్పేవారు. చేసింది మాత్రం అరవడం, అందరి ముందు బరువు గురించి మాట్లాడటం, పీరియడ్స్ నొప్పితో ఉన్నా రౌండ్లు కొట్టించడం. డిసిప్లిన్ అన్నారు. నేను ఇరవై ఏళ్లకే బంతి ముట్టుకోవడం మానేశాను. ఇప్పుడు ముప్పై నాలుగు. ఇంట్లో బంతి లేదు.

ప్యాట్ సమ్మిట్ చూపు చూస్తే పిల్లలు వణికేవాళ్లని నేనూ చదివాను. ఆ నీలం కళ్ల ఫొటోలు ఎన్నో ఉన్నాయి. గెలిచారు కాబట్టి మనం దాన్ని విలువలు అంటున్నాం. అదే ఓడిపోయి ఉంటే ఏమనేవాళ్లం?

పాత కోచ్

తల్లీ, నీ మాట చదివి బాధపడ్డాను. నేను రిటైరై పదకొండేళ్లయింది. నా రోజుల్లో నేనూ అరిచాను. కొందరు పిల్లల్ని ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ప్యాట్ గారి సంగతి కొంత తెలుసు, చెప్తాను. మన కష్టం తెలియని మనిషి కాదు ఆమె. టెనెసీలో పొగాకు పండించే, పాడి ఉన్న రైతు కుటుంబం. ముగ్గురు అన్నలు, ఒక చెల్లెలు. పగలంతా పొలం పని, రాత్రి గడ్డివాము ఉండే అటక మీద రింగు కట్టుకుని అన్నలతో ఆట. అమ్మాయి కదా అని అన్నలేమీ తగ్గేవాళ్లు కాదు. వాళ్ల ఊళ్లో హైస్కూల్లో ఆడపిల్లల జట్టు లేకపోతే తండ్రి కుటుంబాన్ని పక్క జిల్లాలోని హెన్రియెట్టాకు మార్చాడు, కూతురు ఆడాలని. ఆ తండ్రి మహా కఠినుడు. మెచ్చుకోవడం చేతకాని మనిషి. కూతురి కోసం ఇల్లు మాత్రం మార్చాడు. ఈ రెండూ ఆమెలో కలిసి ఉన్నాయని నేను అనుకుంటాను.

ఇంకో సంగతి. అన్నలకు కాలేజీలో ఆటల స్కాలర్‌షిప్పు వచ్చింది. ఆమెకు రాలేదు, అప్పట్లో ఆడపిల్లలకు అసలు లేవు. తల్లిదండ్రులు సొంత డబ్బు కట్టి టెనెసీ యూనివర్సిటీ మార్టిన్ క్యాంపస్‌లో చదివించారు. ఇది మనసులో ఎంత గట్టిగా ఉండి ఉంటుందో ఆలోచించండి.

సైకిల్ మీద వచ్చిన వాణ్ణి

మాస్టారూ, ఆమె కోచ్ ఎలా అయ్యారు? అంత చిన్న వయసులో?

పాత కోచ్

ఆశ్చర్యంగానే ఉంటుంది నాయనా. 1974లో, ఇరవై రెండేళ్ల వయసులో, పీజీ చేస్తూ అసిస్టెంటుగా చేరదామని నాక్స్‌విల్ వెళ్లింది. అప్పటి హెడ్ కోచ్ సెలవు పెట్టి వెళ్లిపోతే జట్టు ఆమె చేతికి వచ్చింది. కొందరు ప్లేయర్లు ఆమెకంటే ఏడాదే చిన్నవాళ్లు. నెలకు 250 డాలర్లు జీతం. యూనిఫాంలు ఉతికేది తనే, వ్యాన్ నడిపేది తనే. ఆ యూనిఫాంలు కూడా డోనట్లు అమ్మిన డబ్బుతో కొన్నవి. ఒకసారి బయటి ఊరి మ్యాచ్‌కి వెళ్లి ఆ ప్రత్యర్థుల జిమ్ములోనే నేల మీద పడుకున్నారు. మొదటి మ్యాచ్ మెర్సర్ యూనివర్సిటీతో, 84-83 స్కోరుతో ఓడిపోయారు.

అప్పటికే మోకాలు లిగమెంటు తెగి ఉంది. ఆపరేషన్ చేయించుకుని, కోచింగ్ చేస్తూ, క్లాసులు చెప్తూ, తన మోకాలిని తిరిగి సిద్ధం చేసుకుని 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ఆడి రజతం తెచ్చింది. మహిళల బాస్కెట్‌బాల్ ఒలింపిక్స్‌లోకి వచ్చిన మొదటిసారి అదే. ఎనిమిదేళ్లకు 1984లో లాస్ ఏంజెలెస్‌లో కోచ్‌గా స్వర్ణం.

రౌండ్లు కొట్టించిందంటే, తను కొట్టని రౌండు కాదు అది. నీ కోచ్‌కీ ఆమెకూ తేడా అక్కడుంది తల్లీ.

లెఫ్ట్ హ్యాండ్ లేఅప్

మాస్టారూ, గౌరవంతోనే చెప్తున్నాను. తను కష్టపడినవాళ్లు ఇతరుల్ని కష్టపెట్టొచ్చు అనేది నేను ఒప్పుకోను. మా అత్తగార్లంతా అదే మాట చెప్తారు.

స్కోరు పుస్తకం

ఈ పాయింటు బలంగా ఉంది. నేను లెక్కలతో జవాబు చెప్పలేను. ఒక వివరం మాత్రం చెప్తాను. అప్పటి టెనెసీ హైస్కూళ్లలో ఆడపిల్లలు ఆరుగురేసి ఆడేవాళ్లు. ముగ్గురు కోర్టుకు ఒక సగంలో డిఫెన్స్ చేయాలి, ముగ్గురు మరో సగంలో గోల్ వేయాలి. మధ్య గీత దాటకూడదు. కోర్టంతా పరిగెత్తితే ఆడపిల్లల ఒళ్లు తట్టుకోదని వాదన. ప్యాట్ కూడా స్కూల్లో అలాగే ఆడారు. అలా ఆడినవాళ్లు కాలేజీకి వస్తే సగం ఆటే వచ్చేది. ఈ పద్ధతి పోవాలని గట్టిగా నిలబడ్డవాళ్లలో ఆమె ఒకరు. 1979లో టెనెసీ ఐదుగురి ఆటకు మారింది.

పిల్లల్ని పరిగెత్తించడం వెనక ఇది ఉంది. నువ్వు పరిగెత్తలేవు అని వాళ్లకు చెప్పిన లోకం ఒకటుంది అక్కడ.

నాక్స్‌విల్‌లో ఉన్నవాణ్ణి

అక్కా, మీ అనుభవం చదివాక నేను రాసిన కామెంట్ తేలికగా అనిపించింది. క్షమించండి.

ఒక పద్ధతి గురించి చెప్తాను, నాకు చాలా నచ్చింది. ప్రాక్టీసులో కోచ్ ఏదైనా మెచ్చుకుంటే ప్లేయర్ "టూ పాయింట్స్" అనాలి. తప్పు చెబితే "రీబౌండ్" అనాలి. అంతే. సాకు చెప్పకూడదు, ముఖం ముడుచుకోకూడదు, మనసులో పెట్టుకోకూడదు. బంతి రింగుకు తగిలి బయటికొస్తే ఏం చేస్తాం? పట్టుకుని మళ్లీ వేస్తాం. తప్పూ అంతే అని. ఇందులో నాకు కనిపించేది ఏంటంటే, మెచ్చుకోలుకి కూడా ఒక జవాబు పెట్టారు. మన దగ్గర మెచ్చుకుంటే పిల్లలు తల వంచేసుకుంటారు, ఎలా తీసుకోవాలో తెలియదు.

ఇంకో సంగతి, టమీకా క్యాచింగ్స్ అని పెద్ద ప్లేయర్, నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు. చిన్నప్పటి నుంచి వినికిడి లోపం. పిల్లలు ఏడిపిస్తున్నారని చిన్నతనంలోనే వినికిడి యంత్రం విసిరేసింది. పెదవులు చూసి అర్థం చేసుకుంటూ నెట్టుకొచ్చింది. టెనెసీకి వచ్చాక ప్యాట్ పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడి, మళ్లీ యంత్రం పెట్టుకునేలా, మాట కోసం థెరపీకి వెళ్లేలా ఒప్పించారు. నీ లాంటి పిల్లలు ఎందరో ఉన్నారు, నిన్ను చూస్తారు అని చెప్పారట. ఈ అమ్మాయి సరిగ్గా వినడం లేదేంటి అని అరిచి ఊరుకునే కోచ్ అయితే ఆ సంగతే తెలిసేది కాదు కదా.

అమలాపురం అమ్మ

నేను అడిగింది ఇదే. పిల్ల "ఏం లేదు" అంటే ఏదో ఉందని. మా అమ్మాయి కూడా అంతే అంటుంది. దాని "ఏం లేదు"లో పది రకాలున్నాయి.

పీఈటీ గారూ, ఇంటికి వెళ్లి వాళ్లమ్మను అడగండి. ఫోను కాదు, ఇంటికి.

సైకిల్ మీద వచ్చిన వాణ్ణి

ఆమెకు పిల్లలున్నారా? అంత ఆటలో మునిగితే ఇల్లు ఎలా?

స్కోరు పుస్తకం

ఒక్కడే కొడుకు, టైలర్. అంతకుముందు చాలాసార్లు గర్భం నిలవలేదు. 1990 సెప్టెంబర్లో నిండు నెలలతో పెన్సిల్వేనియాకు వెళ్లారు, మిషెల్ మార్సినియాక్ అనే అమ్మాయిని జట్టులోకి అడగడానికి. ఆ ఇంట్లో ఉండగానే నొప్పులు మొదలయ్యాయి. తిరుగు విమానంలో పైలట్ వర్జీనియాలో దించుతానంటే వద్దన్నారు. ఆ ఏడాది వర్జీనియా జట్టు చేతిలో ఓడిపోయారు మరి, కొడుకు అక్కడ పుట్టకూడదని! టెనెసీలోనే పుట్టాడు. మార్సినియాక్ మొదట వేరే యూనివర్సిటీకి వెళ్లి, తర్వాత టెనెసీకి మారి, 1996 ఫైనల్ ఫోర్‌లో, అంటే జాతీయ పోటీల్లో చివరి నాలుగు జట్లు ఆడే దశలో, అత్యుత్తమ ప్లేయర్ అయింది. టైలర్ చిన్నప్పటి నుంచీ జట్టుతోనే పెరిగాడు. కప్పు గెలిస్తే నిచ్చెనెక్కి రింగు వల కత్తిరించుకోవడం అక్కడి ఆనవాయితీ, ఆ రాత్రులు నిచ్చెన దగ్గర అమ్మ పక్కనే ఉండేవాడు.

అన్నట్టు, మగవాళ్ల జట్టుకు కోచ్‌గా వెళ్తారా అని టెనెసీ వాళ్లే అడిగితే వెళ్లలేదు. అది పైమెట్టు అని ఎందుకు అనుకుంటారు అన్నట్టుగా ఉండేది ఆమె జవాబు. 250 డాలర్లతో మొదలైన మనిషికి 2006 నాటికి ఏడాదికి పది లక్షల డాలర్లు దాటింది. మహిళల ఆటలో అంత జీతం తీసుకున్న మొదటి కోచ్. ఆ ఏడాదే కనెక్టికట్ యూనివర్సిటీ జట్టుతో మ్యాచ్‌కి నాక్స్‌విల్ స్టేడియంలో 24 వేల మంది పైన కూర్చున్నారు. మొదటి సీజన్లో వచ్చిన జనం యాభై మందికి అటూ ఇటూ.

పాత కోచ్

చివరి రోజుల గురించి ఎవరూ రాయలేదు. నేను రాస్తాను, ఎందుకంటే నా భార్యకూ అదే జబ్బు.

2011లో, యాభై తొమ్మిదేళ్లకు, ఆమెకు అల్జీమర్స్ ఉందని తేలింది. దాచుకోవచ్చు. ఆగస్టులో అందరికీ చెప్పేసింది. ఆ సీజన్ కోచ్‌గా ఉంటూనే ఎక్కువ పని అసిస్టెంట్లకు అప్పగించింది. 27 గెలిచి 9 ఓడారు. 2012 ఏప్రిల్లో తప్పుకుంటే హాలీ వార్లిక్ ఆ కుర్చీలోకి వచ్చింది. హాలీ ఒకప్పుడు ఆమె దగ్గర ఆడిన అమ్మాయే, తర్వాత ఇరవై ఏడేళ్లు అసిస్టెంటు. ప్యాట్ జబ్బు మీద పరిశోధనకు ఫౌండేషన్ పెడితే, బద్ధశత్రువు అనుకున్న కనెక్టికట్ కోచ్ జీనో ఆరియెమ్మా పదివేల డాలర్లు పంపాడు. ఇద్దరికీ మాటల్లేక, 2007 తర్వాత చాలా ఏళ్లు రెండు జట్లూ సీజన్‌లో ఆడుకోవడం కూడా మానేశాయి. అయినా పంపాడు. 2016 జూన్ 28న పోయింది. అరవై నాలుగేళ్లు.

రోజూ వంద ముఖాలు గుర్తుపెట్టుకుని, ఎవరికి ఏం చెప్పాలో ఆలోచించే మనిషికి ఆ జబ్బు రావడం ఏంటో. నా ఇంట్లో చూస్తున్నాను కాబట్టి తెలుసు. చెప్పేయడానికి ఎంత ధైర్యం కావాలో కూడా తెలుసు. మేము రెండేళ్లు చుట్టాలకు చెప్పలేదు.

లెఫ్ట్ హ్యాండ్ లేఅప్

మాస్టారూ, మీకూ అమ్మగారికీ నా నమస్కారాలు.

అత్తగార్ల మాట కొంచెం కోపంగా రాశాను. నా అభిప్రాయం మాత్రం మారలేదు. భయపెట్టే చూపు లేకుండా కూడా ఆ పిల్లలు గెలిచేవాళ్లేమో, మనకు తెలియదు. ఒకటి ఒప్పుకుంటాను. మా కోచ్‌కి నా ఇంటిపేరు కూడా సరిగ్గా తెలియదు. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా నా మార్కులు అడగలేదు. క్లాసుకు వెళ్లావా అని అడిగిన పెద్దమనిషి ఒక్కరుంటే నాకు బాగుండేది.

పల్నాటి పీఈటీ

అందరికీ ధన్యవాదాలు. నిన్న సాయంత్రం వాళ్ల ఇంటికి వెళ్లాను.

అమ్మ మిరప కోతలకు పొద్దున ఆరింటికే ఆటోలో వెళ్తుంది, ఒంటిగంటకు వస్తుంది. రెండేళ్ల తమ్ముణ్ణి చూసే నాయనమ్మకు జ్వరం వచ్చి మంచం మీద ఉంది. ఆ నాలుగు రోజులూ తమ్ముణ్ణి ఈ పిల్ల చూసుకుంది. అమ్మ రాగానే బువ్వ తిని స్కూలుకి పరిగెత్తుకొచ్చింది. నాకెందుకు చెప్పలేదని అడిగితే, "రూల్ అంటే రూల్ కదా మేడం, మీరే అన్నారు" అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. స్కోరు పుస్తకం గారు రూల్ సరైనదే అన్నారు, ఇప్పటికీ అదే అనుకుంటున్నాను. కానీ ప్యాట్ గారి రూల్లో "కారణం లేకుండా" అనే మాట ఉంది. మొదటి పోస్టులో నేనే రాశాను, నేనే పట్టించుకోలేదు. కారణం వెతుక్కుంటూ వెళ్లాల్సింది నేను, ఆ పిల్ల కాదు.

అందరి ముందూ కూర్చోబెట్టాను కాబట్టి ఇవాళ ప్రాక్టీసులో అందరి ముందే చెప్పాను, తప్పు నాదని. హెడ్మాస్టర్ గారితో కూడా మాట్లాడాను. మిరప కోతలు అయ్యేదాకా ఎవరి ఇంట్లో ఇబ్బందున్నా ముందురోజు నాకు చెబితే చాలు, ఆ పాఠం సాయంత్రం మ్యాథ్స్ మాస్టారు చెప్తానన్నారు. మొదటి ముగ్గురి పేర్లు రాసుకున్నాం. మొదటి మూడు వరుసల రూల్ మాత్రం అలాగే ఉంది. మా క్లాసులో వరుసలే నాలుగు.

నాక్స్‌విల్‌లో ఉన్నవాణ్ణి

మేడం, ఆ అమ్మాయి ఏమంది, మీరు తప్పు నాదని చెప్పాక?

పల్నాటి పీఈటీ

రీబౌండ్ పద్ధతి వాళ్లకు ఇవాళే నేర్పాను బాబూ, మీరు రాసింది చదివి. నేను చెప్పడం అవ్వగానే వెనక నుంచి "రీబౌండ్ మేడం" అంది. అందరూ నవ్వారు. తర్వాత బంతి తీసుకుని నెట్ లేని రింగు వైపు వెళ్లిపోయింది.

లెఫ్ట్ హ్యాండ్ లేఅప్

మేడం, ఆ రింగుకు నెట్ నేను పంపిస్తాను. స్కూల్ అడ్రస్ నాకు మెసేజ్ చేయండి. బంతులు ఏ సైజువి వాడుతున్నారో కూడా చెప్పండి. ఆడపిల్లలకు ఆరో నంబరు బంతి ఉండాలి, చాలా స్కూళ్లలో మగవాళ్లు ఆడే పెద్ద బంతి, ఏడో నంబరుతోనే ఆడిస్తారు.

పల్నాటి పీఈటీ

మావన్నీ ఏడో నంబరువే అక్కా. మెసేజ్ పెట్టాను.